కాటా బసవేశ్వరరావు గారి తిండి డైరీ

బసవేశ్వరరావు గారు ఎవరేం వండి పెట్టినా "అమోఘం" అనేవారు. ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే. అడుగంటిన ఉప్మా అమోఘం. పులిసి బుడగలొచ్చిన పెరుగు అమోఘం. ఒకసారి భార్య ఝాన్సీలక్ష్మి పరీక్ష చేద్దామని చారులో ఉప్పు వెయ్యలేదు. ఆయన రెండు గ్లాసులు తాగి, "అమోఘం ఝాన్సీ, ఇంకో గ్లాసుందా?" అన్నారు. ఈ మనిషి నోట్లో ఉన్నది నాలుక కాదు, మాట్లాడే తోలుముక్క అని ఆవిడ ఆ రోజే తీర్మానించుకుంది.

"నా గుత్తివంకాయకీ అమోఘమే, రైలు గేటు దగ్గర బజ్జీకీ అమోఘమే. ఇంక నేను వంట నేర్చుకున్నది ఎందుకండీ?" అనేది.

"రెండూ బాగున్నాయి కదా మరి!"

పోనీ అమోఘం అని ఊరుకునేవారా? "ఇంకాస్త వెయ్యమ్మా" అని చెయ్యి కూడా చాపేవారు.

రేపల్లె స్టేషను ఎదురుగా ఆయన దుకాణం. కాటాలు బాగుచేసి, ఏటా సర్కారు ముద్ర వేయించి ఇచ్చే లైసెన్సు ఆయనది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్ళలోనూ కిరాణా కొట్లు, మిఠాయి కొట్లు, రైసు మిల్లుల కాటాలన్నీ ఆయన చేతిలోవే. కాటా ముందు కూర్చుంటే అసలు వేరే మనిషి. అయిదు గ్రాముల తేడాకి ఎంత పెద్ద షావుకారుతోనైనా తగువు పడేవారు. "తూకం అబద్ధమాడకూడదండీ" అనేవారు. పని పూర్తయ్యాక ఆ షావుకారే ఒక ప్లేటు ముందుకు తోస్తే, ఆయన నోరు మాత్రం నిక్షేపంగా అబద్ధమాడేది.

అలా మూడు ఊళ్ళ తిండీ ఒంట్లో చేరి నూట నలభై రెండు కిలోలైంది. ఇంట్లో కాటా అంత బరువు ఎత్తలేదు. మిల్లులో బస్తాలు తూచే కాటా ఎక్కి చూసుకున్నారు. తాను ముద్ర వేయించిన కాటాయే కాబట్టి ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నారు.

మోకాళ్ళు పోయాయి, షుగరు వచ్చింది. వాటికి ఝాన్సీలక్ష్మి భయపడలేదు. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తున్నప్పుడు ఆయన ఊపిరి ఉన్నట్టుండి ఆగిపోయేది. కూర పొయ్యి మీద వదిలేసి పరుగెత్తుకొచ్చి భుజం పట్టి కుదిపేది. ముప్ఫై ఏళ్ళుగా తిట్టిపోసిన గురక కోసం ఇప్పుడు చెవులు రిక్కించుకుని కూర్చునేది.

అందుకే తెనాలి తీసుకెళ్ళింది. డాక్టరు హేమంత్ రిపోర్టులన్నీ తిరగేసి, "బరువు తగ్గే ఆపరేషను చెయ్యొచ్చండి. కానీ ముందు లివరులో కొవ్వు కరగాలి. ఆరు వారాల్లో నూట ముప్ఫై అయిదు లోపుకి రండి. మా డైటీషియన్ అలేఖ్య సరేనని సంతకం పెడితేనే నేను తేదీ ఇస్తాను" అన్నాడు.

అలేఖ్య చిన్నపిల్ల. మాట మాత్రం హెడ్మాస్టరుది. "ఆపరేషనయ్యాక మీ పొట్టలో చిన్న గ్లాసుడు కూడా పట్టదు అంకుల్. పెట్టిందల్లా తినేవాళ్ళకి నేను సంతకం పెట్టను. రోజూ ఏం తిన్నారో, ఎందుకు తిన్నారో, ఎలా ఉందో డైరీలో రాయాలి. ఒక్క ముక్క కూడా అబద్ధం ఉండకూడదు."

"అంటే తూకంలాగానా అమ్మా?"

"అవునంకుల్, తూకంలాగే."

ఆయన ముఖం గంభీరంగా మారింది. ఆ డైరీని తూకపురాళ్ళ పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు.

ఆరు వారాలూ ఇంట్లో ఉడకబెట్టిన సొరకాయే. "అమోఘం" అంటూనే తిన్నారు. రేపల్లె ప్లాట్‌ఫారం ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారు. అయితే పని మీద బయటికి వెళ్ళొచ్చిన రోజున ఝాన్సీలక్ష్మికి అనుమానం వచ్చేది. ఆటో జార్జిని గుమ్మంలోనే నిలబెట్టేది.

"సారు బాపట్లలో ఏం తిన్నారు జార్జీ?"

"నేను ఆటోలోనే ఉన్నానమ్మగారూ. నాకేం తెలవదండి."

"మరి నీ చొక్కా మీద ఆ చట్నీ ఏంటి?"

"సారు నన్ను కూడా తినమన్నారండి..."

ఆరో వారం తెనాలిలో ఆస్పత్రివాళ్ళు కొత్తగా కొన్న కాటా ఎక్కారు. నూట ముప్ఫై నాలుగు కిలోల తొమ్మిది వందల గ్రాములు! ఝాన్సీలక్ష్మి దేవుళ్ళందరికీ ఒకేసారి దణ్ణం పెట్టేసి, "దిగండి, దిగి చెప్పులేసుకోండి" అంది.

ఆయన దిగలేదు. అంకెల్ని అనుమానంగా చూశారు. "ఆదివారం మిల్లులో నూట ముప్ఫై ఆరు దాటి ఉన్నానే! నాలుగు రోజుల్లో ఇంత తగ్గను. దీనికి ముద్ర ఉందా తల్లీ?"

"కొత్త మిషనండి సార్" అంది నర్సు.

"కొత్తదే, కాదనను. ముద్ర ఉందా?"

జార్జి ఆటోలోంచి రెండు ఇరవై కిలోల రాళ్ళు మోసుకొచ్చాడు. రెండూ కలిపి పెడితే కాటా ముప్ఫై తొమ్మిది కిలోల ఆరు వందల యాభై చూపించింది. ఆయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీశారు. పావుగంటలో కాటా దారికొచ్చింది. మళ్ళీ ఎక్కారు. నూట ముప్ఫై ఆరు కిలోల వంద గ్రాములు.

ఝాన్సీలక్ష్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎవరడిగారండీ మిమ్మల్ని? మిషను వాళ్ళది, తప్పు వాళ్ళది. ఊపిరి ఆగేది మీకు, పైప్రాణాలు పైనే పోయేది నాకు!"

"మత్తుమందు బరువు చూసే ఇస్తారు ఝాన్సీ. నా సంగతి సరే, నా వెనకాల వచ్చేవాడికి డోసు తప్పితే?"

అలేఖ్య నవ్వాపుకుని, "ముందు డైరీ చూద్దాం అంకుల్" అని పైకే చదవడం మొదలుపెట్టింది.

"బాపట్ల, శారద ఇడ్లీ బండి. ఆరు ఇడ్లీలు. రాళ్ళు. మొగుడు కాలు విరిగి మంచాన పడితే కొత్తగా పెట్టుకుంది. నేను వెళ్ళేసరికి ఒక్కడూ లేడు. ఆకలి లేదు. తిన్నాను."

"తెనాలి, వరప్రసాదం మిఠాయి కొట్టు. జిలేబి పాకం ముదిరింది. పంటికి అంటుకుని రాదు. మాస్టరు కొత్తవాడు. ఓనరు వాడి మొహం, నా మొహం మార్చి మార్చి చూస్తున్నాడు. నాలుగు తిన్నాను. వాడి ఉద్యోగం నిలబడింది."

"రేపల్లె, కిరాణా షావుకారు ఇల్లు. కొత్త కోడలు ఉషశ్రీ బెండకాయ పులుసు. ఉప్పు రెండుసార్లు పడింది. అత్తగారు చూస్తోంది. మారడిగి వేయించుకున్నాను."

అలేఖ్య గొంతు నెమ్మదించింది. ఝాన్సీలక్ష్మి కొంగు వేలికి చుట్టుకుంటూ వింటోంది. తోలుముక్క అనుకున్న నాలుక ఇదా!

"మా ఇంటి గురించేం రాశారమ్మా?" అంది.

ఆయన కంగారుగా లేవబోయారు. కుర్చీ ఆయన్ని ఓ పట్టాన వదల్లేదు.

"ఇంట్లో చారు. ఇంగువ ఎక్కువ. పాతికేళ్ళుగా ఎక్కువే."

"ఏంటీ!"

"ఆగండాంటీ, ఇంకా ఉంది. ఉడకబెట్టిన సొరకాయ. తడిపిన అట్టముక్కలా ఉంది. ఝాన్సీ తనకి వేరే వండుకోకుండా నాతోపాటు అదే తింటోంది. దాని రుచి గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. అమోఘం అన్నాను."

ఝాన్సీలక్ష్మి ఇంగువ సంగతి తరవాత చూసుకోవచ్చులే అనుకుంది.

"మీది ఆకలి కాదంకుల్, మొహమాటం" అంది అలేఖ్య.

"దానికేమైనా ఆపరేషనుందామ్మా?"

"లేదు. ఇంకో రెండు వారాలు టైమిస్తాను. ఎవరు పెట్టినా ఒక్క చెంచా. డైరీలో రాసే మాటే వాళ్ళ మొహం మీద చెప్పాలి."

కత్తికి భయపడని మనిషికి అప్పుడు చెమటలు పట్టాయి.

మర్నాడు బాపట్లకి ఝాన్సీలక్ష్మి కూడా బయల్దేరింది. శారద ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టింది. ఆయన చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు.

"శారదమ్మా, అమో..."

ఝాన్సీలక్ష్మి దగ్గింది.

"...ఘంగా లేదమ్మా" అని కళ్ళు మూసుకున్నారు.

శారద గరిటె కింద పెట్టేసింది. "ఏం తేడా బాబాయి గారూ?"

"మినప్పప్పు చాలదు. పిండి సరిగ్గా పులియలేదు. తొందరగా దింపేస్తున్నావు కూడా."

"అయ్యో, ఇన్నాళ్ళూ చెప్పరేం! ఒకసారి తిన్నవాడు మళ్ళీ రావట్లేదు. మిగిలినవన్నీ గేదెకి పెడుతున్నా. బాబాయి గారికి నచ్చిందిగా, తప్పు వాళ్ళ నోటిదే అనుకుని అలాగే రుబ్బుతున్నా!"

బసవేశ్వరరావు గారు కళ్ళు తెరిచారు. అన్నాళ్ళూ ఆ బండికి తప్పుడు తూకం చూపించింది తానే. వెంటనే చేతులు కడుక్కుని, పప్పుకి రవ్వ ఎంతో కొలిచి చెప్పి వచ్చారు. వారం తిరిగేసరికి శారద బండి దగ్గర జనం నిలబడి తింటున్నారని జార్జి కబురు తెచ్చాడు. ఈసారి చొక్కా మీద చట్నీ దాచుకోలేదు.

రెండు వారాలకి తెనాలిలో అదే కాటా. నూట ముప్ఫై నాలుగు కిలోల ఏడు వందలు. ఈసారి ఆయన స్క్రూడ్రైవరు తియ్యలేదు. అలేఖ్య సంతకం పెట్టింది. హేమంత్ గురువారం ఆపరేషనని రాసిచ్చాడు. ఝాన్సీలక్ష్మి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచీ అడుక్కంటా తోసింది.

బయల్దేరుతుంటే అలేఖ్య ఒక చిన్న కప్పు తెచ్చింది. "అంకుల్, ఆపరేషనయ్యాక ఇచ్చే జావ. నేనే కనిపెట్టి చేశాను. పేషెంట్లు తాగుతారే గాని ఎలా ఉందో ఒక్కరూ చెప్పరు. మీరు చెప్పండి."

ఆయన ఒక చెంచా నోట్లో పోసుకున్నారు. కనుబొమ్మలు పైకి లేచాయి. గుటక కాసేపటికి గాని దిగలేదు. ఎదురుగా అలేఖ్య చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లలాగా నిలబడింది. ఆయన నోరు నెమ్మదిగా తెరుచుకుంది.

ఝాన్సీలక్ష్మి ఆయన కాలి మీద కాలు వేసింది. తెరుచుకున్న ఆయన నోరు మూతపడింది.

"అమ్మా" అన్నారు చివరికి, ఎంతో మర్యాదగా. "ఆ డైరీ ఓసారి ఇటివ్వు. పెన్ను కూడా. రాసిస్తాను."