'కమ్ రౌండ్' అర్థాలు చెప్పిన ఆశీర్వాదం సార్

సోమవారం ఉదయం ఆశీర్వాదం సార్ తుదిశ్వాస విడిచారు. ఫోన్ వచ్చినప్పుడు పొయ్యి మీద పాలు ఉన్నాయి. మంట ఆర్పి, గిన్నె మీద మూత పెట్టి, చెప్పులు వేసుకున్నాను. కన్నీరు అప్పుడూ రాలేదు, ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

పగలు రైల్వేలో గుమస్తా. సాయంకాలాలు దబీర్‌పురా స్టేషన్ పక్క అద్దెగదిలో మాకు ఆంగ్లభాషా ప్రదాత. పదవీ విరమణ తర్వాత కూడా ఆ గది వదలలేదు. నేను ఆయన శిష్యురాలిని, పిదప అక్కడే సహోపాధ్యాయినిని. "అర్థం రాసుకోకమ్మా, ఎవరు ఎవరితోని అన్నరో రాసుకో" అనేవారు.

నాకు ఒక బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న ససేమిరా అన్నాడు. చార్మినార్ దగ్గర మాది గాజుల దుకాణం. సార్ అక్కడికి వచ్చి కూర్చున్నారు.

"బిడ్డ గల్లా మీద కూసుంటది సార్. నౌకరీ ఏంది, లొల్లి?"

"సరే భాయ్. రేపు మళ్లొస్త. చాయ్ అయితే పోస్తవు గద?"

అయిదోరోజు నాన్న, "తీస్కపోండి సార్, మీతోని నాతోని కాదు" అన్నాడు.

మర్నాడు తరగతిలో సార్ 'కమ్ రౌండ్' పాఠం చెప్పారు. ఒకరి దగ్గరికి వెళ్లి పలకరించడం ఒక అర్థం. ఒప్పుకోని మనిషి మెత్తబడటం ఇంకొకటి. "మూడోది, తెలివి తప్పినోడు మళ్ల కండ్లు తెరుసుడు. దానికి ఉదాహరణ వద్దులే" అని నవ్వారు.

గత శుక్రవారం పాఠం మధ్యలో ఆయన కుప్పకూలారు. ఆసుపత్రిలో డాక్టరు బయటికి వచ్చి, "హి హాజ్ నాట్ కమ్ రౌండ్ యెట్" అని వెళ్లిపోయాడు.

సార్ భార్య మరియమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమన్నడు బిడ్డా? మళ్ల రౌండ్‌కు వస్తడంటనా?"

"కాదమ్మా. సార్‌కు ఇంకా తెలివి రాలేదంట."

"ఇంకా అన్నడు గద" అని ఆమె బెంచీ మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. మూడు దినాలు అట్లాగే గడిచాయి.

ఖననమైన మర్నాడు గది తెరిచాను. పిల్లలు వచ్చారు గనుక పాఠం చెప్పాను. బార్కస్ నుంచి వచ్చే సల్మా లేచి, "మేడం, కమ్ ఓవర్‌కు, కమ్ రౌండ్‌కు ఫరక్ ఏంది?" అని అడిగింది. నాకు తెలియలేదు.

"రేపు చెప్త" అన్నాను. ఇన్నేళ్లూ అట్లాగే అని, పాఠం అయ్యాక సార్‌ను అడిగి, మర్నాడు చెప్పేదాన్ని.

ఆ అమ్మాయికి ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పగల మహనీయుడికి ఈ నాలుగు ముక్కలతో ప్రణమిల్లుతున్నాను.