బంతిచేనులో బదలు పూట

కొత్వాల్‌గూడలో ఐలయ్యను ఎరగని మనిషి ఉన్నాడంటే వాడు నిన్నగాక మొన్న ప్లాటు కొని వచ్చినవాడై ఉండాలి. ఐలయ్య ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. అయిదంటే ఇప్పటి అయిదు కాదు. ఎక్కాలు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ అప్పజెప్పి, పంతులు చేత ముందు వరసలో కూర్చోబెట్టించుకున్న అయిదు. ద్రాక్షతోటల్లో ఆడకూలీలకు మగవాళ్లతో సమానంగా కూలి ఇప్పించింది ఆయనే. ఊళ్లోకి బస్సు తెప్పించింది ఆయనే. బడికి ప్రహరీగోడ లేస్తున్నప్పుడు రాళ్లు మోసినవాళ్లు చాలామందే ఉంటే ఉండొచ్చు గానీ, ఆ రాళ్లు ఏ గుట్ట నుంచి తేవాలో చెప్పింది మాత్రం ఆయనే.

వీటన్నిటికంటే ఆయన మీసం మెలేసుకునే సంగతి ఇంకొకటుంది. వయసులో ఉండగా శంషాబాద్ స్టేషన్ వెనక రేకుల షెడ్డులో కూలీ సంఘం వాళ్లు రాజకీయ తరగతులు నడిపారు. అక్కడ మార్క్సిస్టు అర్థశాస్త్రం చెబుతుంటే పక్కవాళ్లు కునికిపాట్లు పడ్డారు. విలువ సిద్ధాంతం మొత్తం విని, లేచి నిలబడి, తిరిగి అప్పజెప్పినవాడు ఐలయ్య ఒక్కడే. సరుకు విలువంటే అందులో పడ్డ మనిషి శ్రమ. అయితే ఎవడు పడితే వాడు ఎంతసేపు నాన్చితే అంత కాదు. పని తెలిసినవాళ్లు మామూలుగా చేస్తే ఎంత శ్రమ పడుతుందో అంత. ఈ రెండో ముక్కను లోకం మరిచిపోయిందనీ, తాను మరవలేదనీ ఆయన కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు.

విమానాశ్రయం తెరిచినంక ఆయన మాట వినే తీరిక ఎవరికీ లేకుండా పోయింది. తెల్లచొక్కాలూ మెడలో గొలుసులూ వేసుకున్న బ్రోకర్లు దిగారు. చెమటచుక్క పడని గట్టునేలలో రంగు జెండాలు పాతి, కమాను కట్టి, దానికి వెంచర్ అని పేరు పెట్టారు. భూమి పెరిగిందని వాళ్లు చెప్పుకుంటుంటే ఐలయ్యకు కడుపు మండేది.

"భూమి ఎట్ల పెరుగుతదిరా? దాణా పెట్టినవా?" అని అడిగేవాడు. "ధర పెరిగింది అను. విలువ వేరు, ధర వేరు. గింత తెల్వకుండ నీకు ఫోనొకటి, కారొకటి."

వాళ్లు నవ్వి కారెక్కి పోయేవాళ్లు. నవ్వకుండా ఎదురు కూర్చుని వాదించేది ఒక్క సూర్యప్రకాశరావు. ఆయన కోస్తా నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ అర్థశాస్త్రం లెక్చరర్. ఆ వెంచర్‌లోనే ప్లాటు కొన్నాడు. దాన్నెవరూ ఎత్తుకుపోలేదు కదా అని చూసుకోవడానికి సాయంత్రాలు వచ్చి, కమాను పక్కనున్న చాయ్ హోటల్లో ఐలయ్య ఎదుట కూర్చునేవాడు.

"ఐలయ్యగారూ, మీ సిద్ధాంతం తప్పని నేననడం లేదండీ, అనవసరం అంటున్నాను. విత్తనం ఎంత, ఎరువు ఎంత, కూలి రేటు ఎంత, ఇవి తెలిస్తే ధర నేరుగా లెక్క కట్టవచ్చు. మధ్యలో శ్రమ విలువ ఎందుకు? ఇక్కడి నుంచి శంషాబాద్ పోవడానికి చేవెళ్ల తిరిగి పోయినట్టు."

"కాటా లేకుండ గూడ పూలు అమ్మొచ్చు సారూ, కండ్లతోని చూసి. అట్లని కాటా దండగనా?" అనేవాడు ఐలయ్య. తర్వాత చాయ్ చప్పరిస్తూ చుట్టూ చూసేవాడు, ఆ మాట ఎవరైనా విన్నారా అని. ఎవరూ వినేవాళ్లు కాదు.

రెండువేల పది బతుకమ్మ పండుగ ముందు మాత్రం ఆ మాట వినాల్సిన పని పడింది.

ఊళ్లో బదలు అని ఒక పద్ధతి ఉంది. ఈ రోజు నువ్వు నా చేనులో వంగితే, నీకు పని పడ్డనాడు నేను నీ చేనులో వంగుతాను. పైసల మాట ఉండదు. రోజుకు రోజు, పూటకు పూట. ఐలయ్యకు వరసకు మరదలయ్యే అనంతమ్మ ఆ శ్రావణంలో జగదీశ్ టమాట చేనుకు బదలు పోయింది. జగదీశ్ భార్య సునీత ఆమె పక్కనే కలుపు తీసింది. ఆ టమాటలు అమ్ముడుపోయిన మరునాడే జగదీశ్ ఆ చేను వెంచర్ వాళ్లకు రాసిచ్చి, విమానాశ్రయానికి మనుషులను తిప్పే క్యాబు కొన్నాడు. సునీత అప్పటికే టెర్మినల్‌లో నేల తుడిచే హౌస్‌కీపింగ్ పనిలో ఉంది. ఇప్పుడు అనంతమ్మ బంతిచేను విరగబూసింది. సద్దుల బతుకమ్మ ముందు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరితేనే ఆ పూలకు ఒక రేటు. పండుగ దాటితే మేకలు కూడా మూతి తిప్పుకుంటాయి. ఈ పంట చేతికి రాకపోతే ఆ చేను కూడా జెండాల పాలు కావాల్సిందే. బ్రోకరు వచ్చి గట్టు మీద నిలబడి చూసిపోయాడు కూడా.

ఆ సాయంత్రం అనంతమ్మ చాయ్ హోటల్ దగ్గరికి వచ్చేసరికి జగదీశ్ తన క్యాబు తుడుచుకుంటున్నాడు.

"ఏంది చిన్నమ్మా, గట్ల చూస్తున్నవ్? నా దిక్కు బదలు ఎన్ని రోజులున్నయో అన్ని రోజుల కూలి ఇచ్చిన గదా. భూమే పోయినంక ఇంక బదలేంది?"

"ఇచ్చినవ్ బిడ్డా. ఆ నోట్లు తీస్కపోయి చేన్ల ఇడిచిపెట్టిన. పొద్దుగూకిందాక చూసిన. ఒక్క పువ్వు తెంపలే."

సూర్యప్రకాశరావు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఆ డబ్బుతో కూలీలను పెట్టుకోవచ్చు కదమ్మా."

"శంషాబాద్ కూలీల అడ్డ మీదికి పోయే వస్తున్న సారు. పండుగ ముంగట డబల్ అడుగుతున్నరు."

"అయితే ఇవాళ్టి ధర అదేనన్నమాట. జగదీశ్, ఆ మిగతాది కూడా ఇచ్చెయ్యండి, సరిపోతుంది."

జగదీశ్ చేతిలోని గుడ్డ కిందపడింది. "గదెట్ల సారూ? శ్రావణంల చిన్నమ్మ పనిచేసిననాడు రేటు గంతుండెనా? అప్పటి పనికి అప్పటి రేటే."

ఐలయ్య ఈ మాట కోసమే పుట్టినవాడిలా లేచాడు. భుజం మీది తువ్వాల దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"ఇగ చెప్పు సారూ. శ్రావణంల ఒక రేటు, బతుకమ్మకు ఇంకో రేటు. వీడు కింది రేటు అంటడు, నువ్వు మీది రేటు అంటవ్. మరి ఆమె నడుము శ్రావణంల సగమే వంగిందా? రేటు మారింది. మారనిదేంది?"

"గిరాకీ మారిందండీ. గిరాకీని బట్టి..."

"గిరాకీ ధరను ఊపుతది. ఊగే ఉయ్యాలకు మీద ఒక దూలం ఉండాలె. ఆ దూలం శ్రమ. దూలం కనబడదని లేదంటవా? నీ లెక్కతోని ధర చెప్పొచ్చు సారూ, ఒప్పుకుంట. ఎవరి రోజు ఎవరు తింటున్నరో చెప్పు జర."

"దూలం చూపించండి, చూస్తాను" అన్నాడు సూర్యప్రకాశరావు, చాయ్ గ్లాసులోకి చూస్తూ.

"మీ దూలాలు మీరు ఎత్తుకోండ్రి" అంది అనంతమ్మ. "సద్దులు ఎల్లుండే. రేపు తెంపకుంటే చేను పోయినట్టే. జగదీశూ, నేను రేటుకు కలుపు తియ్యలే. వస్తవా, రావా, గది చెప్పు."

జగదీశ్ జవాబు చెప్పేలోపు కంపెనీ బస్సు కమాను దగ్గర ఆగింది. నీలం యూనిఫాంలో సునీత దిగి, మొగుడి మొహం చూసి, చిన్నత్త అనంతమ్మ మొహం చూసి, సంగతి అడగకుండానే పట్టుకుంది.

"రేపు నేనొస్తున్న చిన్నత్తా. నాతోని పనిచేసే ఈరమ్మతోని పొద్దుగాలే డ్యూటీ మార్చుకున్న."

"సూపర్వైజర్ ఏమనడా?" అన్నాడు జగదీశ్.

"ఆయనకు మనిషి నిలబడితే చాలు. మొన్న ఈరమ్మ కొడుక్కు జరమొస్తే ఆమె డ్యూటీల నేను నిలబడ్డ. అక్కడ అందరం గంతే. పొద్దటి డ్యూటీకి పొద్దటి డ్యూటీ. రాత్రి డ్యూటీకి రాత్రిదే, లేకుంటే పొద్దటివి ఒకటిన్నర."

"డబ్బు ఇచ్చేస్తే సరిపోదా అమ్మా?" అన్నాడు సూర్యప్రకాశరావు.

"ఇస్తమన్నరు సార్ కొందరు. వాళ్లకు రెండోపారి ఎవరు నిలబడలే."

హోటల్లో అందరూ ఐలయ్య వైపు చూశారు. ఆయన తొందరపడలేదు. మిగిలిన చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు అన్నాడు.

"విన్నవా సారూ? అద్దాల మేడల గూడ మా దూలమే ఉన్నది."

"అది పరస్పర సహాయం ఐలయ్యగారూ. సిద్ధాంతం కాదు."

"సాయమైతే కొలతెందుకు? ఆ ఒకటిన్నర ఎందుకు? రాత్రి నిద్రను గూడ కొలుస్తున్నరు వాళ్లు. నువ్వు యాభై పరీక్షలు పెట్టిన మనిషివి, ఒక్క నీలం చొక్కాను, మీ లెక్క ఏందని అడిగినవా ఇన్నేండ్ల?"

సూర్యప్రకాశరావు తన ప్లాటు దిక్కు చూసుకున్నాడు. అది ఉన్నచోటే ఉంది, ఒక్క మొక్క మొలవకుండా.

"ఏం చూస్తవ్, నువ్వు గూడ రావాలె" అంది సునీత మొగుడితో. "కార్ల ఎనుక సీట్లు మడిచి సంచులు ఎయ్యొచ్చు."

అంతా అయిపోయిందనుకుని ఐలయ్య ఇంటికి కదలబోయాడు. అనంతమ్మ కదలనియ్యలేదు.

"బావా, నీది గూడ ఒక పూట ఉన్నది. నీ వంకాయ మడిల కలుపు తీసింది ఎవరు?"

"నీ తరఫున గింతసేపు మాట్లాడిన గదనే. అది లెక్కల రాదా?"

"నీ మాట పూలు తెంపుతదా?"

సూర్యప్రకాశరావు ఆ సాయంత్రానికి మొదటిసారి నవ్వాడు.

తెల్లారేసరికి నలుగురూ చేనులో ఉన్నారు. ఐలయ్య బంతిపూలు తెంపి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. అయినా బతుకమ్మకు ఏ పువ్వు ఏ వరసలో పెట్టాలో, ద్రాక్షతోటల్లో కూలి కోసం తాను ఎట్లా నిలబడ్డాడో, విలువకూ ధరకూ తేడా ఏమిటో జగదీశ్‌కు చెబుతూ తెంపాడు. చెబుతున్నప్పుడు చెయ్యి ఎత్తి చూపించడం ఆయనకు అలవాటు. ఎత్తిన చెయ్యి పూల మీద ఉండదు. దిగినప్పుడు ఏది దొరికితే దాన్ని తెంపింది, విచ్చనివాటితో సహా. సునీత మాట్లాడలేదు. ఆమె వేళ్లు తొడిమ కింద పడి, పువ్వు చెదరకుండా గంపలోకి పోతూనే ఉన్నాయి. గాలిలో విమానం దిగుతుంటే కూడా తల ఎత్తలేదు. ఆ విమానం లోపలివాళ్లు తొక్కేది ఆమె తుడిచిన నేలే.

పొద్దు నడినెత్తికి రాకముందే అనంతమ్మ మాట్లాడిపెట్టిన ఆటో నిండింది. మిగిలిన సంచులు జగదీశ్ క్యాబులోకి ఎక్కాయి. సీట్లు తడుస్తున్నాయని వాడు గొణిగాడు గానీ, అనంతమ్మ తిరిగిచ్చిన కూలి నోట్లు జేబులో పెట్టుకుని తోలుకుపోయాడు. పూలు పండుగ మార్కెట్‌కు అందాయి. గట్టు మీదికి మళ్లీ వచ్చిన బ్రోకరుతో అనంతమ్మ, "వచ్చే యేడు గూడ బంతే" అని చెప్పి పంపేసింది.

చేతులు కడుక్కుంటూ ఐలయ్య అన్నాడు. "నా పూట తీరింది గదా."

"సగం తీరింది."

"సగమేంది? పొద్దు పొడిచినకాడి నుంచి ఉన్న."

"ఉన్నవ్, ఎవరు లేవన్నరు? సునీత గంపలు మీద గంపలు నింపింది. నువ్వు ఒక్కటి నింపినవ్, అండ్ల సగం మొగ్గలు. పని తెలిసినోళ్లు మామూలుగ చేస్తే పట్టేంత అని నువ్వే గదా బావా అందరికి చెప్తవ్. ఎంతసేపు నాన్చితే అంత గాదని."

ఐలయ్య నోరు తెరిచాడు. రేకుల షెడ్డులో నేర్చిందంతా ఒకసారి తిరగేశాడు. లెక్చరర్‌కైతే పది జవాబులు ఉండేవి. దీనికి ఒక్కటి కూడా లేదు, ఎందుకంటే ఆమె చెప్పింది రెండో ముక్క. ఆయన జన్మలో మరవని ముక్క.

"సరే" అన్నాడు చివరికి. "పండుగ తెల్లారి వస్త."

ఆ సాయంత్రం చాయ్ హోటల్లో ఈ సంగతి ఆయనే సూర్యప్రకాశరావుకు చెప్పాడు, ఇంకొకరు చెప్పకముందే.

"మరి మీ సిద్ధాంతం మీకే నష్టం చేసింది కదండీ."

"చేసింది. సగం పూట కోసింది. గందుకే అది పనికొచ్చేది సారూ. పెద్దమనిషి అని చూడలే, బస్సు తెప్పించినోడని చూడలే. నీ ధరల లెక్క ఎన్నడన్న నీ దిక్కు తిరిగి, నీ ప్లాటుల నువ్వేం చేసినవని అడిగిందా?"

పండుగ తెల్లారి, ఊరు ఇంకా బద్ధకంగా ఉండగానే, ఐలయ్య కుర్పి పట్టుకుని అనంతమ్మ చేనులో కలుపుకు వంగాడు. ఈసారి నోరు మెదపలేదు. అప్పటి నుంచి బస్సు, ప్రహరీగోడ, ద్రాక్షతోటల కూలి చెప్పుకున్నాక ఇంకో ముక్క కలుపుతాడు: విలువ సిద్ధాంతం చేత పూట కోయించుకుని, మారు మాట్లాడకుండా తీర్చినవాడు ఈ మండలంలో తానొక్కడేనని.