పుట్టుమచ్చ చుట్టూ తెలుపు

నా ఎడమ పిక్క మీద చిన్నప్పటి సంది ఒక పుట్టుమచ్చ ఉన్నది. యాభై దాటినంక దాని చుట్టూ రూపాయి బిళ్లంత తెల్లగయ్యింది. పెద్దపల్లిల మా పక్కింట్లనే ఉండే ఆడిబిడ్డ, నేను చీరె ఎగజెక్కి బట్టలు ఉతుకుతుంటే చూసి, బొల్లి అన్నది. ఆనాటి నుంచి నా చేతి చాయ తాగుడు బందు పెట్టింది. అడిగితే కడుపుల మంట అనేది. వాళ్లింట్ల పొద్దుగాల రెండుసార్లు చాయ తాగేది నాకు ఎరుకనే.

నా పెనిమిటి నన్ను కరీంనగర్ల చర్మం డాక్టరమ్మ దగ్గరికి తోలుకపోయిండు. ఆమె తెలుపును అంత పట్టించుకోలే. లైటున్న అద్దం పెట్టి నడిమిట్ల నల్లమచ్చనే మస్తు సేపు చూసింది.

"ఇది బొల్లి కాదమ్మా. ఒంట్ల రోగంతోని కొట్లాడే కణాలు ఈ మచ్చ మీద పడ్డయ్, అందుకే రంగు పోయింది. పిల్లలకైతే మామూలే. మీ వయసుల ఎందుకు పడ్డయో చూడాలె."

మచ్చంతా కోసి పరీక్షకు పంపాలన్నది. నొప్పి లేదు, నెత్తురు లేదు. గీమె ఊకెనే కత్తి పెడుతున్నదేమో అనుకున్న. అయినా ఒప్పుకున్న.

పది రోజులకు రావాల్సిన రిపోర్టు రాలే. ఆ కణాలు గుంపుగ కమ్ముకున్నయట, వాటి కింద మచ్చ కణాలు సరిగ్గ కనవడుతలేవట, ల్యాబోళ్లు ఆ ముక్కకు ఇంకో రంగేసి మళ్ల చూస్తున్నరట. ఈ మాట నా పెనిమిటి ఫోన్ల విని చెప్పిండు. ఫోను పట్టుకొని వాకిట్లకు పోయి మాట్లాడిండు. వాకిట్లకు ఎందుకు పోవాలె? ఆ దినం నుంచి నాకు నీళ్లు తోడిపెట్టుడు, బియ్యం ఏరుడు షురూ చేసిండు. ముప్పై ఏండ్లల్ల ఎన్నడూ చెయ్యనోడు. ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోను తీసి వెతికిన. ఏం దొరకలే.

రిపోర్టు వచ్చిన్నాడు డాక్టరమ్మ ఆయన దిక్కు తిరిగి చెప్పవోయింది. నేను అడ్డం పడ్డ.

"కాలు నాది మేడం. నాతోనే చెప్పుండ్రి."

ఆమె కుర్చీ నా దిక్కు జరుపుకున్నది. క్యాన్సరే, కాని పైపొరలనే ఉన్నది, లోపటికి దిగలే అన్నది. చుట్టూ ఇంకొంత కోసి తియ్యాలన్నది. ఆ తెలుపు రాకుంటే మీరు వచ్చేటోళ్లే కాదు గదా అన్నది.

బయటికొచ్చినంక నా పెనిమిటిని అడిగిన, నీకు ముందే ఎరుకనా అని. అనుమానమున్నదని ఫోన్ల చెప్పిండ్రట. నాకు చెప్పే ధైర్యం చాలలేదని బస్టాండుల నిలవడి ఏడ్చిండు. కోపం రావాలె నాకు, రాలే.

రెండోసారి కోసిన ముక్కల ఏం లేదని వచ్చింది. ఇప్పుడు ఆర్నెల్లకోసారి పోయి చూపించుకుంటున్న. అంతా మంచిగున్నదంటరు. అయినా వాళ్లిచ్చిన కాగితం తెచ్చి, మా గల్లీల ఉండే నర్సుతోని ఇంకోసారి చదివించుకుంట. ఆమె చదువుతున్నంత సేపు నేను కాగితం దిక్కు చూడ, ఆమె మొఖం దిక్కే చూస్త.