మగ్గాలు ఆగిపోయిన వీధి

నేను హైదరాబాద్‌లో ఒక బట్టల కంపెనీలో లాయర్ని. ఇదివరకు మా పని గొడవయ్యాక నోటీసులు రాయడమే. ఇప్పుడు సరుకు బజారులోకి రాకముందే చిక్కులేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. పోయినేడు ఆ పని మీదే గద్వాల వెళ్లాను. మిల్లు గుడ్డ మీద అక్కడి అంచు అచ్చేసి, గద్వాల చీర అని చెప్పి అమ్మాలని మా వాళ్ల ఆలోచన.

నేతపని చేసే నర్సింహులు ఇంటి గడపలో నేను నిలబడి, "కంపెనీ లాయర్ని" అన్నాను. అంతే, మగ్గం ఆగింది. పక్కింట్లోదీ, ఎదురింట్లోదీ ఆగాయి. వీధంతా నిశ్శబ్దం.

నర్సింహులు తల్లి దండం పెట్టింది. "మేమేం తప్పు చేసినం బిడ్డా? మా పిలగాన్ని కోర్టుకు గుంజకు."

వాళ్ల పేరు వాడుకోబోయేది మేము, దండం పెడుతున్నది వాళ్లు! సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు మాదేనని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. అక్కడే మా ఎండీకి ఫోన్ చేసి, "చట్టప్రకారం ఇక్కడ మగ్గం మీద నేసిన చీరకే ఆ పేరు సార్. మన మిల్లు గుడ్డకి పెట్టడానికి వీల్లేదు" అన్నాను.

పెద్దామె తేరిపార చూసింది. "లొల్లి అయినంక వచ్చే వకీళ్లనే చూసిన. ముందుగాల వచ్చినదానివి నువ్వే" అని కొడుకు వైపు తిరిగి, "ఇగ చీర నెయ్యిరా" అంది.

వీధి మళ్లీ టకటకలాడింది. ఫోన్‌లో మా సార్ తిడుతూనే ఉన్నారు. ఆ చప్పుడులో నాకు ఒక్క ముక్కా వినబడలేదు.