దుర్గ వాళ్ళ నాన్న చెక్కిన రెక్కలు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా అమ్మమ్మ గుమ్మానికి గుమ్మడికాయ కడుతుంటే, "దిష్టి ఎన్ని వోల్టులుంటుంది అమ్మమ్మా?" అని ఏడిపించేదాన్ని. మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరాక ఆ పొగరు ఇంకా పెరిగింది. కొలతకు అందనిదేదైనా నాకు పుక్కిటి కబురే. ఇప్పుడు చెప్పబోయే దానికి కొలతలున్నాయి. నా పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. అదే నా ఖర్మ.

మాది గుడివాడ వైపు ఒక కాలేజీ. ఫైనలియర్‌లో ఉండగా చిన్న గాలిమరల పోటీ పెట్టారు. ఒక ఇనుప స్తంభం, దాని మీద మూడు రెక్కలు, రెక్కల వెనక ఒక మోటారు. గాలికి రెక్కలు తిరిగి మోటారు కరెంటు పుట్టించాలి. ఎవరిది ఎక్కువ పుట్టిస్తే వాళ్ళు గెలిచినట్టు. టీమ్ లీడర్ని నేను. డిజైన్ నాది, పెత్తనమూ నాదే.

దుర్గ నా రూమ్మేట్. సివిల్ బ్రాంచి కాబట్టి స్తంభం పని తనకి అప్పగించాను. వాళ్ళది పెడన. వాళ్ళ నాన్నగారు బట్టల మీద అద్దకానికి వాడే చెక్క అచ్చులు చెక్కేవారు. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. రెక్కలు టేకుతో ఆయన చేత చెక్కిద్దామన్నది దుర్గే.

అప్పటికే ఆయనకి పని బాగా తగ్గిపోయింది. స్క్రీన్ ప్రింటింగ్ వచ్చాక చెక్క అచ్చులు అడిగేవాళ్ళు లేరు. కానీ ఆయన చెక్కిన అచ్చు బాగాలేదని తిరిగొచ్చిన రోజు ఒక్కటీ లేదని పెడనలో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. ఆయనకి మిగిలింది ఆ పేరొక్కటే. మా డ్రాయింగు, కొలతకి కత్తిరించిన అట్టముక్కలు తీసుకుని, "మా అమ్మాయి కాలేజీ పని" అని వీధి వీధంతా చెప్పుకున్నారట.

రెక్కలు తెచ్చుకోవడానికి వెళ్ళాం. ఎంత బాగున్నాయో! అద్దంలా నునుపు. మూడూ తూకం వేస్తే పిసరు తేడా లేదు. డ్రాయింగు పక్కన పెట్టి చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. మూడూ తిరగేసి ఉన్నాయి. నేను గీసింది గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగే రెక్క. ఆయన చెక్కింది దానికి సరిగ్గా ఎదురు వైపుకి.

"ఇదేంటి బాబాయ్, తిరగేసి చెక్కారు?"

ఆయన ఒక రెక్క చేతిలోకి తీసుకుని వంపు మీద వేలు రాసి చూశారు. "అచ్చు తిరగేసే చెక్కాలి కదమ్మా, గుడ్డ మీద సరిగ్గా పడాలంటే. నలభయ్యేళ్ళ అలవాటు. చెయ్యి అట్టా పోయింది."

నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. అప్పుడు అక్కడ అద్దకం పనివాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే అన్నాను. "బొమ్మ చూసి చెక్కడం కూడా రాకపోతే ఎందుకు ఒప్పుకున్నారండీ? మొత్తం తగలేశారు."

ఆయన, "రెండు వారాలు టైమియ్యమ్మా, మళ్ళీ చెక్కి ఇస్తా," అన్నారు. అక్కర్లేదన్నాను. పీవీసీ గొట్టం కోసి చేసుకుంటామన్నాను. రెక్కలు అక్కడే వదిలేసి బస్సెక్కాను. దుర్గ ఆ పూట ఇంటి దగ్గరే ఉండిపోయింది.

బస్సు కవుతరం దాటుతుండగా నాకు తట్టింది. రెక్కలు ఎటు తిరిగితే ఏం? మోటారు వైర్లు రెండూ అటుదిటు మార్చి, రెక్కలు పట్టి ఉంచే నట్టు వదులు కాకుండా ఇంకో నట్టు బిగిస్తే సరిపోతుంది. పది నిమిషాల పని. ఆయన రెక్కల్లో ఏ లోపమూ లేదు.

ఫోన్ చేతిలోనే ఉంది. చేస్తే నేనే పొరపాటు పడ్డానని ఒప్పుకోవాలి. ఆ ఇద్దరి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవాలి. లీడర్ని కదా! చెయ్యలేదు. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు.

పన్నెండో రోజు ఆయన పోయారు. గుండెపోటు. పనిచేసుకునే చాప మీదే ఒరిగిపోయారట. బీపీ ఉందని, మందులు సరిగ్గా వేసుకునేవారు కాదని అందరూ అన్నారు. నీ వల్ల కాదులే అని కూడా అన్నారు. నేను అడక్కుండానే అన్నారు.

పెద్దకర్మ అయిన మూడో రోజు పోటీ. మచిలీపట్నం దగ్గర, మంగినపూడి బీచ్‌లో. దుర్గ రాదనుకున్నాను. వచ్చింది.

పొద్దున పదకొండు గంటలు. మంచి ఎండ. సముద్రం మీంచి గాలి హోరున కొడుతోంది. స్తంభాలన్నీ వరసగా నిలబెట్టారు. అందరివీ తిరగడం మొదలుపెట్టాయి. మావీ తిరిగాయి, మా తెల్ల పీవీసీ రెక్కలు. కాకపోతే ఎదురు వైపుకి.

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. నా డ్రాయింగు ప్రకారం కోసిన రెక్క ఆ వంపుతో ఎంత గాలి కొట్టినా ఎదురు వైపు తిరగదు. ముందు వెనకలు మార్చి బిగించినా తిరగదు. దాని ఆకారమే ఒప్పుకోదు. చేత్తో ఆపాను. సరైన వైపు గట్టిగా తిప్పి వదిలాను. నాలుగు చుట్లు తిరిగి, నెమ్మదించి, ఆగింది. మళ్ళీ ఎదురు తిరిగింది. మూడుసార్లు అలాగే చేశాను, మూడుసార్లూ అంతే.

రీడింగులు రాసుకునే మీటరులో వోల్టులన్నీ మైనస్‌లో పడుతున్నాయి. మామూలుగా మాకెప్పుడూ రానంత ఎక్కువ వోల్టులు, మైనస్‌లో. మూడు ఫోన్లలో వీడియోలు తీశారు.

జడ్జిగా వచ్చిన పెద్దాయన మా రెక్కల ఆకారం పట్టించుకోలేదు. మీటరు చూసి నవ్వారు. "మైనస్ వస్తే కంగారెందుకమ్మా? వైర్లు అటుదిటు మార్చుకో. రెక్కలు ఎటు తిరిగితే ఏంటి?" అన్నారు.

దుర్గ నా పక్కనే ఉంది. ఆ మాట విని నా వైపు తిరిగింది. "అంటే నాన్న చెక్కినవి కూడా పనికొచ్చేవా?"

"వచ్చేవేమోనే. నాకు అప్పుడు తట్టలేదు," అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ అబద్ధం.

వైర్లు మార్చాం. మాకే ఫస్టు ప్రైజ్ వచ్చింది. చప్పట్లు కొడుతుంటే షీల్డు తీసుకుని బ్యాగులో కుక్కేశాను.

కాలేజీకి తెచ్చి అదే గాలిమరని పెద్ద ఫ్యాను ముందు పెట్టాను. ఒక్క నట్టు కూడా విప్పలేదు. బుద్ధిగా సరైన వైపే తిరిగింది. ముప్ఫైసార్లు చూసుంటాను. మళ్ళీ బీచ్‌కి తీసుకెళ్ళి చూశాను, అక్కడా సరిగ్గానే తిరిగింది. మా లెక్చరర్లు ఇద్దరికి వీడియో చూపించాను. ఒకాయన సుడిగాలి అన్నారు. పక్కనున్న స్తంభాలకి లేని సుడి మా ఒక్కదానికే ఎలా వచ్చిందంటే, ఫోన్ నా చేతిలో పెట్టేసి క్లాసుకి వెళ్ళిపోయారు. ఇంకొకాయన రెక్కలు మార్చి తనని ఆట పట్టించొద్దన్నారు.

షీల్డు బాబాయ్ ఫొటో దగ్గర పెడదామని పెడన వెళ్ళాను. దుర్గ లోపల్నుంచి పాత లుంగీలో చుట్టిన మూట తెచ్చి విప్పింది. టేకు రెక్కలు. ఇవి కొత్తవి. ఈసారి నా డ్రాయింగు ప్రకారమే, సరైన వైపుకి చెక్కి ఉన్నాయి. రెండు పూర్తయ్యాయి. మూడోది సగం దాకా చెక్కి ఉంది. మిగతా సగం చెక్కపలకే.

"నువ్వు అక్కర్లేదన్నాక కూడా చెక్కుతూనే ఉన్నాడే," అంది దుర్గ. "అన్నానికి లెమ్మన్నా లేచేవాడు కాదు. అమ్మాయి మాట పోతుంది, టైముకి ఇవ్వాలి అనేవాడు. ఒళ్ళంతా చెమటలు పడుతున్నా వినలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. దుర్గ నా భుజం మీద చెయ్యి వేసి, తనే నన్ను ఓదార్చింది.

"ఊరుకోవే. పాతవే పనికొస్తాయని నీకు మాత్రం ముందే తెలుసా ఏంటి? తెలిస్తే చెప్పకుండా ఉంటావా?"

ఆ రోజు మంగినపూడిలో ఆ రెక్కలు ఎందుకలా తిరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా చెబితే వింటాను. ఇదంతా మీకు రాయగలిగాను గానీ, దుర్గ అడిగిన దానికి ఇంతవరకూ జవాబు చెప్పలేదు.