జీపు దాకా రాని నవల

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంట్లో రెండు వాసనలు కలుస్తాయి. ఒకటి పెనం మీద దోరగా వేగే ఇప్పపువ్వుది, రెండోది కొత్త నోటుబుక్కుది. పువ్వు మా అక్క ముత్తక్కకు. ఎనభైకి దగ్గర పడింది, మంచం దిగలేదు. నోటుబుక్కు నాకు. నేను నవల రాస్తున్నాను, నవ్వేవాళ్లు నవ్వండి. నలభై దాటాక, ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తూ, బియ్యంలో రాళ్లేరుతూ, మూడో తరగతి వాచకం పక్కన పెట్టుకుని అక్షరాలు నేర్చినదాన్ని. ఒక్క నోటుబుక్కులో అయిపోతుందనుకున్న కథ. ఒక ఎండాకాలం, ఇద్దరు అక్కచెల్లెళ్లు, చివర ఒక జీపు, అంతే. ఇప్పుడు ఏడో నోటుబుక్కులో ఉన్నాను, జీపు ఇంకా రాలేదు.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఆ జీపు మా చిన్నప్పుడు అక్కను దూరపు హాస్టలు బడికి తీసుకుపోవడానికి వచ్చింది. ఆమెను ఎక్కించుకోకుండానే పోయింది, అది నా వల్ల. ఈ సంగతి అక్కకు తెలియదు. రాసిందల్లా రోజూ ఆమెకే చదివి వినిపిస్తున్నాను కాబట్టి జీపు వచ్చిందంటే నా దొంగతనం బయటపడుతుంది. అందుకే ఏడు నోటుబుక్కులుగా మేం పువ్వేరిన ఇప్పచెట్టు కిందే తిరుగుతున్నాను.

తిరగడానికి ఆ చెట్టు కింద తక్కువేముంది! పువ్వు రాలే కాలానికి ముందే అమ్మ చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి కాల్చేది, ఆ నల్లటి నేల మీద తెల్లవారుజామున పువ్వు టపటపా రాలుతుంటే, చలికి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని మేమిద్దరం గంపల పక్కనే కూర్చుని వెలుతురు కోసం చూసేవాళ్లం, వెలుతురు రాగానే వేళ్లు జిగురుజిగురుగా అంటుకుపోయే దాకా ఏరేవాళ్లం. ఎండెక్కాక సొరకాయ బుర్రలోని పుల్లటి అంబలి తాగి, గచ్చకాయలాడి, ఓడినవాళ్లు గెలిచినవాళ్ల గంప కూడా మోసుకుంటూ ఇంటికొస్తే, చింతగింజలతో కలిపి ఉడికిన పువ్వు కుండలోంచి తియ్యగా, వగరుగా పొగలు కక్కుతూ ఉండేది.

చదివే ప్రతి పేజీకీ అక్క ఏదో ఒకటి కలుపుతుంది.

"ఎలుగుబంటి వచ్చింది రాసినవ్ గానీ, అమ్మ దానితోటి మాట్లాడింది రాయలేదేందే? 'నీ పువ్వు ఆ పక్కన పడ్డది, గటు పో తమ్మీ' అనలే?"

అంది. నిజమే. దానికి రెండు పేజీలు.

"పువ్వేరడానికే అరవై పేజీలా అమ్మా?" అంది హాస్టలు టీచరమ్మ, మొదటి నోటుబుక్కు చదివి. గంప ఇంకా నిండలేదు అన్నాను. అక్క మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు. "ఎప్పుడైపోతదే ఇది? నేను సచ్చినంక నా దినం నాడు చదువుతవా?" అని రోజూ పోట్లాడేది.

పోయిన నెల అక్కను భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోతే, గుండె బాగా బలహీనపడిందన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చుని, జీపు వచ్చిన రోజు రాసేశాను. మర్నాడు అక్కకు చదివాను.

ఆ రోజు అమ్మ సంతకు పోయింది. పదకొండేళ్ల పిల్ల ఉంది కదా, బడికి పంపండి, రేపు జీపు వస్తుందని పంతులు ముందురోజే చెప్పి వెళ్లాడు. అక్క తన రెండు గౌన్లనూ మూట కట్టుకుని, పువ్వేరడానికి వచ్చినప్పుడు కూడా దాన్ని చంకలోంచి తీయలేదు. నాకు ఎనిమిదేళ్లు. అక్క లేని చెట్టు కింద నేనొక్కదాన్నే కూర్చోవడం నా ఊహకు అందలేదు. గంప అడుగున పులిసిపోయిన నిన్నటి పువ్వును పరగడుపున మూడు దోసిళ్లు మింగాను. అలా తింటే తల తిరిగి వాంతులవుతాయని మాలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. తెలిసే తిన్నాను. జీపు హారన్ వినపడేసరికి అక్క ఒడిలో తల పెట్టుకుని, ఆమె లంగా పిడికిట్లో పట్టుకుని ఉన్నాను. లేచేసరికి అక్క పక్కనే ఉంది. జీపు లేదు.

చదవడం ఆపాను.

"కావాల్నని తిన్నవా?"

"అవ్ అక్కా. కావాల్ననే."

"దొంగముండా" అని గోడ వైపు తిరిగింది. ఆ రోజు మళ్లీ మాట్లాడలేదు. మర్నాడూ లేదు. వేయించిన పువ్వు చాటలో అట్లాగే మెత్తబడిపోయింది. మూడో రోజు తనే పిలిచింది.

"ఆ బుక్కు తే. అందుల తప్పు రాసినవ్."

"ఏం తప్పక్కా?"

"నువ్వు లేచేసరికి నీ పక్కనున్న అని రాసినవ్. ఉన్న. నడుమ లేను."

నేను స్పృహ తప్పగానే నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసిందట. తల నేల మీద పెట్టి, మూట తీసుకుని ఉరికిందట. వాగు దగ్గరికి పోయేసరికి జీపు అవతలి గట్టు ఎక్కుతోంది. అరిచింది. ఆగలేదు.

"కండ్లు తేలేసినవ్. బతుకుతవో సస్తవో తెల్వదు. ఎలుగు తిరిగే జాగ. అయినా ఇడిసిపెట్టి ఉరికిన. జీపు ఆగి ఉంటే ఎక్కి పోదును గూడ. నీ మొకం చూసినప్పుడల్లా అదే యాదికొచ్చేది. ఎట్ల చెప్పాలె నీకు?"

నేను క్షమించమని అడగలేదు, ఆమె అడగలేదు.

"రాస్తవా?" అంది.

"రాస్తా."

"ఎంత గట్టిగ ఉరికిన్నో గూడ రాయాలె."

ఎనిమిదో నోటుబుక్కు తెచ్చుకున్నాను. మా ఇప్పచెట్టు రోడ్డు వెడల్పు చేసినప్పుడే పోయింది. అక్క పరుగెత్తిన కాలిబాట మీద ఇప్పుడు మణుగూరు బొగ్గు లారీలు తిరుగుతున్నాయి, వాగు మీద వంతెన పడింది, అది దాటుతున్నామని కూడా ఎవరికీ తెలియదు. చూసి రాసుకుందామంటే అక్కడ ఏమీ లేదు గనక, చెట్టు చెట్టునూ అక్కతోనే చెప్పించుకుంటున్నాను. ఏ మద్ది దగ్గర ముల్లు దిగింది, ఏ తునికి పొద దగ్గర మూట జారి పడింది, ఎక్కడ ఆగి నా వైపు వెనక్కి చూసింది. పంతొమ్మిది పేజీలయ్యాయి.

"వాగు వచ్చిందా?" అని అడుగుతుంది రోజూ.

"ఇంకా లేదక్కా. నువ్వు ఉరుకుతనే ఉన్నవ్."

"మంచిగ ఉరకనియ్యి" అంటుంది.