ఆల్చిప్ప గుడ్డు సమానంగా చీలదు

మొన్న మా ల్యాబులో ఒక విద్యార్థి థర్మకోల్ పెట్టె మూత తీయగానే ఉప్పుటేరు బురద వాసన గుప్పుమంది. లోపల ఆల్చిప్పలు. హైదరాబాదులో ఏసీ గదిలో ఉన్నదాన్ని, ఒక్కసారిగా బందరు కాలేజీలో నాకు జువాలజీ చెప్పిన ఎస్తేరు మేడమ్ పక్కకి చేరిపోయాను. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరోవైపు పంచే సన్నటి పోగుల కట్టని కండె అంటారు. ఆ కండె ఎక్కడ నిలబడాలో ప్రొటీన్లు ఎలా తేలుస్తాయన్నది ఇప్పుడు నా పని. ఈ పనిలోకి నన్ను తోసింది ఆవిడే.

అది తొంభైల చివర. మాది బందరు పక్కన రేవు ఊరు గిలకలదిండి, అమ్మ చేపలు అమ్మేది. ఆల్చిప్పల్ని మావాళ్లు సున్నం కాల్చడానికి తప్ప పట్టించుకునేవారు కాదు. అలాంటిది మా జువాలజీ లెక్చరరు గంజిపెట్టిన చీర ఎగదోపుకుని, రేవులో రాళ్లకి అతుక్కున్న చిప్పల్ని కత్తితో ఊడదీస్తుంటే అమ్మ నివ్వెరపోయింది. "అవి కూరకి పనికిరావని చెప్పవే, పాపం తెలీదేమో" అంది నా చెవిలో.

మేడమ్ ల్యాబులో చిప్పలు విప్పి, గుడ్లనీ మగ బీజాన్నీ సముద్రపు నీళ్లలో కలిపి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టారు. మెడ పట్టేసేదాకా చూశాను. గుండ్రటి గుడ్డు నడుము సన్నబడి రెండైంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. "పాడైపోయిందండీ" అన్నాను, పుస్తకంలో బొమ్మలో రెండూ సమానం కాబట్టి. "పక్కదాన్ని చూడు" అన్నారు. అదీ అంతే. ఆ పక్కదీ అంతే. "అన్నీ ఒకేలా పాడవుతాయా అమ్మాయ్?" అన్నారు నింపాదిగా. కండె ఎక్కడుంటే కోత అక్కడే పడుతుందట. ఈ గుడ్డులో అది ఒక పక్కకి జరుగుతుంది, ఎంత జరగాలో అంతే. సున్నం బట్టీకి పోయే చిప్పలో ఇంత లెక్క ఉందా అని ఇంకో చుక్క పెట్టి మళ్లీ చూశాను.

ఆ చూసిందే నా కొంప ముంచబోయింది. ప్రాక్టికల్స్‌లో మంచి మార్కులొస్తేనే నాకు ఎమ్మెస్సీ సీటు. లేదంటే చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకి మెరుగుపెట్టే పనికి అమ్మ అప్పటికే మాట్లాడి ఉంచింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు కండె ఎక్కడుంటుందని అడిగారు. "అన్నిసార్లూ మధ్యలో ఉండదండీ" అన్నాను. ఏ పుస్తకంలో ఉందన్నారు. "చూశానండీ" అన్నాను. ఆయన పెన్ను మూసేశారు. "పుస్తకంలో ఉన్నది చెప్పాలమ్మా." నాకు ఏడుపొచ్చింది.

మేడమ్ ముందుకొచ్చారు. "కాసేపు కూర్చుంటారా అండీ?"

"గుడివాడ బస్సుందండీ నాకు."

"టీ తెప్పిస్తాను. బస్సు ఇంకోటి ఉంటుంది."

తొట్టిలో ఉంచుకున్న చిప్పలు విప్పి, గుడ్లూ బీజమూ కలిపి మైక్రోస్కోపు కింద పెట్టారు. టీ అయింది, ఇంకో టీ కూడా అయింది. అప్పుడు ఎగ్జామినరుగారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి మైక్రోస్కోపు మీదికి వంగారు. వంగినవారు లేవలేదు. చాలాసేపటికి, తల ఎత్తకుండానే, "దీన్ని పక్కకి లాగుతున్నదెవరండీ?" అన్నారు. ఆ గొంతులో ఎగ్జామినరు లేరు. "నాకు తెలియదండీ. ఈ పిల్ల కనుక్కుంటుంది, మీరు మార్కులు వేస్తే" అన్నారు మేడమ్. ఆయన నవ్వి పెన్ను తీశారు. బస్సు మాత్రం తప్పిపోయింది.

లాగేది ప్రొటీన్లేనని తర్వాత చదువుకున్నాను. కణం పొరకి లోపలివైపు అంటుకుని, కండె నుంచి వచ్చే పోగుల కొసలు పట్టి లాగుతాయి. పడవని లాగేవాళ్లు ఎటు ఎక్కువుంటే పడవ అటే వస్తుంది, ఇదీ అంతే. వాటిని ఒక పక్కనే ఎక్కువగా నిలబెట్టే ఇంకో ప్రొటీన్ జాడ నాకు దొరికిన రోజున, రిటైరై దివిసీమలో తమ్ముడి దగ్గరుంటున్న మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతా విన్నారు. "మరి దాన్ని అక్కడికి పంపిందెవరు?" అన్నారు. ఆదివారం ఆరాధన తప్పని మనిషి, దేవుడనేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. తెలియదండీ అన్నాను. "అయితే ఫోన్ పెట్టెయ్ అమ్మాయ్. వెళ్లి చూడు."

మేడమ్ పోయారని కబురొచ్చిన రోజు ఏం చేయాలో తోచక ల్యాబుకే వెళ్లాను. ఒక గుడ్డు చీలబోతోంది. కళ్లు తుడుచుకుంటూ అది రెండయ్యేదాకా చూశాను. ఆ ప్రొటీన్‌ని అక్కడికి ఎవరు పంపారో అప్పుడూ తెలియలేదు. ఇంకా చూస్తూనే ఉన్నాను.